లారీ వెనకబడితే చాలు

కరోనా గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడాది, జనవరి నెలలో నన్ను అమలాపురం వేశారు. నా హోదా ఫీల్డ్ కాలిబ్రేటర్. కార్ల ఇంజన్లకి బలం పెంచే ఒక సంస్థలో, కోస్తా జిల్లాలన్నిటికీ కలిపి ఆ హోదాలో ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు పైన బెంగుళూరులో చీఫ్ కాలిబ్రేటర్ గారు, ఆయనకి పైన యజమాని. నాకు కింద ఎవరూ లేరు. కింద ఎవరూ లేని ఉద్యోగికి పక్కన కూడా ఎవరూ ఉండరన్న సంగతి ఉత్తర్వులో రాయలేదు గాని, ఎర్ర వంతెన అవతల అద్దెకి తీసిచ్చిన రేకుల షెడ్డు తాళం తీయగానే అర్థమైంది.

ఈ వృత్తి ఏమిటో తెలియనివారి కోసం కాస్త చెప్పాలి. ఇవాళ కారు ఇంజన్‌కి బలం పెంచడంలో పానాలూ సుత్తులూ పట్టే పని కొంతే. మిగతాదంతా బానెట్ కింద ఉండే చిన్న కంప్యూటర్ పెట్టెలో జరుగుతుంది. పెట్రోలు ఎంత చిమ్మాలి, నిప్పురవ్వ ఎప్పుడు కొట్టాలి, టర్బో అనే గాలిచక్రం సిలిండర్లలోకి ఎంత గాలి కుక్కాలి (ఆ కుక్కడాన్నే మేము బూస్ట్ అంటాం), ఆ గాలి వెళ్ళే వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలి, ఇవన్నీ అందులో పట్టికలుగా ఉంటాయి. ఆ పట్టికల కట్టని మేము ఫైలు అంటాం. కారు యజమాని బండి నడుపుతుంటే పక్కసీట్లో కూర్చుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఇంజన్ ఏ క్షణంలో ఏం చేస్తోందో రికార్డు చేసి బెంగుళూరు పంపడం నా పని. దాన్ని లాగ్ డ్రైవ్ అంటారు. అక్కడ చీఫ్ గారు ఫైలు సవరించి పంపితే దాన్ని మళ్ళీ కారులోకి ఎక్కించి, మళ్ళీ పక్కసీట్లో కూర్చోవాలి. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో సగం పరాయివాళ్ళ పక్కసీట్లోనే గడిచింది. అయినా మాట్లాడింది తక్కువ. లాగ్ డ్రైవ్‌లో మనం మాట్లాడకూడదు. మాట్లాడితే నడిపేవారి కాలు పెడల్ మీద తడబడుతుంది, లెక్క చెడుతుంది.

మా ఆవిడ విజయనగరంలో టీచరు. బదిలీ దొరకలేదు. రెండో శనివారాలు నేనే వెళ్ళేవాణ్ణి. మిగతా రోజుల్లో నాకు ఒకవైపు కాలవ, ఇంకోవైపు కొబ్బరికాయలు ఒలిచే కళ్ళం. కూలీలు గునపానికి కాయ పొడిచే చప్పుడు పొద్దున్నే మొదలై సాయంత్రం ఆగేది. అది ఆగాక ఇక వేరే చప్పుడు ఉండేది కాదు. బూస్ట్, నాక్, ఓవర్‌లాప్ లాంటి నా వృత్తి మాటల్ని నోరారా అనడానికి ఆ ఊళ్ళో మనిషి లేడు. చీఫ్ గారితో అనవచ్చు గాని, ఆయన ఫోన్ ఎత్తితే అంకెలే వింటారు, మనిషిని వినరు.

అందుకని సాయంత్రాలు వంతెన దగ్గర దొరబాబు టీకొట్టు బల్ల మీద చేరడం మొదలుపెట్టాను. మొదట్లో నిజాలే చెప్పేవాణ్ణి. సిలిండర్లోకి పోయే గాలి వేడిని కాస్త తగ్గించి ఇంజన్‌కి ఎంత మేలు చేశానో వర్ణిస్తే, దొరబాబు "మంచి పని చేసేరండి" అని గ్లాసులు కడుక్కునేవాడు. ఒకరోజు విసుగెత్తి, రాజోలు వైపు నేను బలం పెంచిన కారొకటి ఉందనీ, పెడల్ నొక్కేసరికి లోపల మోగుతున్న పాట తాటిపాక సెంటర్లో వెనకబడిపోయిందనీ, కారు దిండి వంతెన దగ్గర ఆగాక ఆ పాట ఆయాసపడుతూ వచ్చి అందుకుందనీ చెప్పాను. దొరబాబు గ్లాసులు కడగడం ఆపాడు. ఒకాయన మెల్లగా, పాట మొత్తం ఒకేసారి వచ్చిందా అని అడిగారు. చరణం ముందొచ్చింది, పల్లవి కొంచెం లావు, వెనక వచ్చిందన్నాను. ఆ రోజు నుంచి అక్కడ నా పేరు పవర్ గారు. నేను దాన్ని అబద్ధమని ఒప్పుకోను. బూస్ట్ ఎక్కువ పెట్టిన నిజం, అంతే. రాజోలు కారు నిజంగానే బాగా కుదిరింది.

ఆ పాట అమలాపురంలో ఆగలేదు. ఆషాఢం వచ్చిన కొత్తలో, ఒక ఉదయం షెడ్డు ముందు తెల్లకారు ఒకటి ఆగింది. యాభైకి దగ్గరపడుతున్న ఆవిడ దిగారు. నూలుచీర, కాళ్ళకి రబ్బరు బూట్లు. పేరు సత్యవేణి అనీ, మామిడికుదురు దగ్గర రొయ్యల చెరువులు చేస్తాననీ చెప్పి, నన్ను ఎగాదిగా చూశారు.

"పాట వెనకబడ్డ కారు తమరు చేసిందేనాండి?"

ఆయ్ అన్నాను. ఇంకేమనను?

"నాకు పాట వెనకబడక్కర్లేదండి. లారీ వెనకబడితే చాలు."

మా పద్ధతి ప్రకారం కారు ముట్టుకునే ముందు యజమానిని అడగవలసిన మొదటి ప్రశ్న, బలం ఎందుకు అని. కుర్రకారు అయితే హార్స్‌పవర్, అంటే గుర్రాల అంకె చెబుతారు. ఫలానావాడి కారుకి ఇన్ని గుర్రాలున్నాయి, నాకు అంతకంటే ఎక్కువ కావాలంటారు. ఈవిడ జరిగిన సంగతి చెప్పారు.

రొయ్యపిల్లని కాకినాడ వైపు సముద్రపు ఒడ్డు హేచరీల్లో కొంటారు. వెంట్రుక ముక్కంత పిల్ల. నీళ్ళూ ఆక్సిజనూ నింపిన పాలిథిన్ సంచుల్లో కట్టి, థర్మాకోల్ పెట్టెల్లో సర్ది ఇస్తారు. ఎండ ముదిరేలోగా చెరువు చేరకపోతే పిల్ల సంచిలోనే పోతుంది. వ్యాను డ్రైవర్లు నాలుగుచోట్ల ఆగి వస్తారని, ఈవిడే కారు వెనకసీటు మడిచి, తన చెరువులకీ చుట్టుపక్కల చిన్న రైతులకీ తెచ్చిపెడుతున్నారు. అదే ఆవిడ జీవనాధారం. దారి పొడుగునా కొబ్బరి లారీలు, ధాన్యం లారీలు. దాటడానికి పక్కకి తీసి పెడల్ నొక్కితే, కారు "ఆలోచించుకుని" కదులుతోందట. కిందటి నెల అలా ఆలోచిస్తుండగా ఎదురుగా బస్సు వచ్చింది. ఆవిడ కారుని కాలవగట్టు బురదలోకి దింపేశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని, ఆ బస్సులో మండపేట మనిషి ఒకాయన ఉన్నారు. సాయంత్రానికి కబురు అన్నగారికి చేరింది.

అన్నగారి పేరు వీర్రాజు గారు. మండపేటలో రైసుమిల్లు. సత్యవేణి గారి భర్త పోయాక ఈ కారు కొనిచ్చింది ఆయనే. బండి కాగితాలు ఆయన పేరనే ఉన్నాయి. శ్రావణం రాగానే తానొచ్చి కారు తీసుకుపోతాననీ, చెరువులు లీజుకిచ్చేసి వచ్చి తమ మేడమీద గదిలో ఉండమనీ అన్నారట. ఆవిడ బతిమాలితే, సరే, ఒకసారి నీ పక్కన కూర్చుని చూస్తాను, అప్పుడు చెబుతానన్నారట.

"గదికి ఏసీ కూడా పెట్టించేరండి," అన్నారు సత్యవేణి గారు. ఎవరికో ఆపరేషను అయిందన్నట్టు చెప్పారు ఆ మాట.

తనిఖీ మొదలుపెట్టాను. సిలిండర్లలో ఒత్తిడి సరిగ్గా ఉంది. గొట్టాల్లో గాలి ఎక్కడా కారడం లేదు. ఆయిల్ పుల్ల తీసి చూస్తే మట్టం సరిగ్గా ఉంది, రంగు తేనెలా శుభ్రంగా ఉంది. ఎప్పుడు మార్చారంటే మొన్ననేనండి అన్నారు. తరవాత మొదటి లాగ్ డ్రైవ్. ఉన్న బండి ఉన్నట్టుగా ఎలా నడుస్తోందో ముందు రికార్డు చేసుకోవాలి. నేను ఎక్కబోతే పక్కసీట్లో ఖాళీ థర్మాకోల్ పెట్టె ఒకటి బెల్టు పెట్టుకుని కూర్చుని ఉంది. బ్రేకు వేస్తే ముందుకి పడిపోతుందండి అని ఆవిడ దాన్ని తీసి వెనక పెట్టారు. సీటు మరీ ముందుకి ఉంది. వెనక్కి జరపడానికి మీట ఎక్కడుందో ఆవిడకి తెలియదు. ఇద్దరం చెరోవైపు నుంచి వంగి వెతికి పట్టుకున్నాం.

నేను మాట్లాడకూడదు గాని, ఆవిడ మాట్లాడారు. నాతో కాదు, లారీలతో. ఏళ్ళ తరబడి ఒక్కరే నడిపి అలవాటైపోయిందని తరవాత చెప్పారు. వెనక రాతలూ బొమ్మలూ బట్టి ఆవిడకి ఆ దారిలో లారీలన్నీ తెలుసు. ఒకదాన్ని చూసి, "ఈయన పక్కకి జరగడు, ఈయన తమ్ముడు నయం," అన్నారు. ఇంకోదానితో, "నీకేం తొందర లేదు, నాకుంది నాయనా," అన్నారు. నేను తెర మీద గీతలు చూస్తూ కూర్చున్నాను. నవ్వొచ్చింది. మరుక్షణం, వాళ్ళింట్లో సాయంత్రం ఆవిడ ఎవరితో మాట్లాడతారా అన్న ఆలోచనా వచ్చింది. అదే ప్రశ్న నా గురించి నేను వేసుకోలేదు, జవాబు తెలుసు కనక.

ఇక్కడ కొంచెం ఇంజన్ లోపలికి వెళ్ళాలి. ఈ కారులో వాల్వులు తెరుచుకునే సమయం అవసరాన్ని బట్టి మారుతుంది. వాల్వుల్ని నొక్కే ఇరుసుని కామ్ షాఫ్ట్ అంటారు. దాని కొసన ఫేజర్ అనే గుండ్రటి డబ్బా ఉంటుంది. ఇంజన్ ఆయిల్ ఒత్తిడితో అది ఇరుసుని కాస్త ముందుకో వెనక్కో తిప్పుతుంది. నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారి పెడల్ నొక్కినప్పుడు, పొగపోయే వాల్వు ఇంకా పూర్తిగా మూసుకోకముందే గాలొచ్చే వాల్వు తెరుచుకుంటే మంచిది. రెండూ కలిసి తెరిచి ఉండే ఆ రవ్వంత కాలమే ఓవర్‌లాప్. కొత్తగాలి వచ్చి పాతపొగని తరిమేస్తుంది, ఆ ఊపుకి టర్బో చప్పున లేస్తుంది. అది లేకపోతే టర్బో బద్ధకంగా లేస్తుంది. సత్యవేణి గారు ఆలోచన అన్నది ఆ బద్ధకాన్నే.

ఇంజన్ తక్కువ వేగంలో ఉన్నప్పుడు అందే అడుగు బలం కావాలని నేను బెంగుళూరు రాశాను. చీఫ్ గారు ఒప్పుకోలేదు. కింద పెంచితే కాగితం మీద కనపడదు, పై వేగంలో పెంచితేనే అంకె బాగుంటుంది, అంకె బాగుంటేనే సంస్థకి పేరు అన్నారు. మామిడికుదురు దారిలో ఆ పై వేగం చూడాలంటే ముందు ఊళ్ళన్నీ ఖాళీ చేయించాలని నేను అన్నాను. ఆయన నవ్వలేదు. చివరికి, పైన కొంచెం, కింద కొంచెం పెంచిన ఫైలు ఒకటి పంపారు. గాలిని చల్లబరిచే రేడియేటర్ లాంటి దాన్ని ఇంటర్‌కూలర్ అంటాం. దాన్ని కూడా తీసి కొంచెం పెద్దది బిగించాను.

బలం వచ్చింది, కాదనను. కానీ నొక్కిన ఆ మొదటి క్షణం మాత్రం అలాగే ఉంది. లాగ్ విప్పి చూస్తే, కంప్యూటర్ ఇరుసుని ఎంత తిరగమందో ఒక గీత, అది నిజంగా ఎంత తిరిగిందో ఇంకో గీత. మొదటి గీత చటుక్కున లేస్తోంది. రెండోది దాని వెనకాల ఈడ్చుకుంటూ వస్తోంది. హెచ్చరిక దీపం వెలిగేటంత తేడా లేదు. మనిషి గమనించేటంత ఉంది.

చీఫ్ గారు, అయితే ఇంకొంచెం ముందే తిరగమందాం, కింద బూస్ట్ కూడా పెంచుదాం అని రెండో ఫైలు పంపారు. దానితో బయలుదేరిన ఉదయం, పాశర్లపూడి దాటాక సత్యవేణి గారు పెడల్ నొక్కేసరికి ఇంజన్లో ఒకటే దెబ్బ వినిపించింది. ఇనపడబ్బా మీద రాయి విసిరినట్టు. ఆవిడ లారీతో చెబుతున్న మాట మధ్యలో ఆపేశారు. నేను బండి పక్కకి ఆపించాను.

నిప్పురవ్వ కొట్టకముందే లోపలి గాలీ పెట్రోలూ తమంత తాము అంటుకుంటే వచ్చే దెబ్బ అది. తక్కువ వేగంలో ఎక్కువ గాలి కుక్కితే అప్పుడప్పుడు వస్తుంది. రెండోసారి వస్తే పిస్టన్ విరగవచ్చు. అది కూడా ఎప్పుడు విరుగుతుంది? సరిగ్గా లారీ పక్కన ఉన్నప్పుడు, పెడల్ పూర్తిగా నొక్కినప్పుడు. ఆ సంగతి ఆవిడకి చెప్పాను. భయపెట్టడానికి కాదు, చెప్పకపోవడం మా పనిలో నేరం కాబట్టి.

"అంటే అన్నయ్య చెప్పిందే నిజమంటారాండి?" అని అడిగారు.

ఇంకా తెలియదన్నాను. అక్కడే గట్టు మీద, కారుతో పాటు వచ్చిన ఫ్యాక్టరీ ఫైలు తిరిగి ఎక్కించి ఇంటికి పంపాను.

ఫేజర్‌కి ఆయిల్ వదిలే చిన్న విద్యుత్ వాల్వు ఒకటి ఉంటుంది. అదే మొండికేసిందేమోనని కొత్తది తెప్పించి వేశాను. తేడా లేదు. శ్రావణం దగ్గరపడింది. దొరబాబు కొట్టు దగ్గర రొయ్యల మేడమ్ గారి కారు ఎంతవరకు వచ్చిందండీ అని అడగడం మొదలుపెట్టారు. నాకు కథ తట్టలేదు. టీ తాగి వచ్చేసేవాణ్ణి. షెడ్డులో కూర్చుని ఆ రెండు గీతల్ని చూసేవాణ్ణి. నాలాగే ఇంకెవరైనా చూస్తే బాగుండునని బెంగుళూరులో మావాళ్ళకి పంపితే, ఫేజర్ మార్చు అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. ఫేజర్ మార్చాలంటే ఇంజన్ ముందుభాగం విప్పాలి. అన్నగారు వచ్చేలోగా అయ్యే పని కాదు.

ఆ సంగతే చెబుదామని ఒక ఉదయం ఆవిడ చెరువుల దగ్గరికి వెళ్ళాను. గట్టు మీద రేకుల పందిరి కింద జనరేటర్ ఇంజన్ నడుస్తోంది. చెరువులో గాలిచక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆ చక్రాలు ఆగితే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గి రొయ్య చచ్చిపోతుంది. పందిరి పక్కనే కారు, బానెట్ ఎత్తి ఉంది. సత్యవేణి గారు చీరకొంగు దోపుకుని, గరాటుని గుడ్డతో శుభ్రంగా తుడిచి, డ్రమ్ములోంచి పట్టిన ఆయిల్ క్యానుతో కారులో పోస్తున్నారు. పాతది అప్పటికే కింద తట్టలోకి దింపేశారు. అన్నయ్య వచ్చే వేళకి మంచిగా ఉండాలని మళ్ళీ మారుస్తున్నారట.

ఏం ఆయిలండీ అది అని అడిగాను.

"చెరువు మీద ఇంజన్లకి పోసేదేనండి. అసలైన ఆయిలు," అన్నారు.

కారుకి ఎప్పటినుంచి పోస్తున్నారంటే, షోరూం వాళ్ళ ఉచిత సర్వీసులు అయిపోయినప్పటినుంచీ అన్నారు. వాళ్ళు నీళ్ళలాంటిది పోసేవారట. చూస్తే భయమేసేదట.

నేను వంగి డ్రమ్ము మీద రాసింది చదువుతుంటే ఆవిడ క్యాను కింద పెట్టారు.

"ఆ చక్రాలు ఒక్క పూట ఆగితే నా చెరువు తెల్లగా తేలిపోద్దండి. ఆయన పోయిన ఏడు ఆగిపోయేయి. అప్పట్నించీ ఈ ఆయిలు తప్ప వేరేది పొయ్యనివ్వలేదు. మళ్ళీ ఆగలేదు. నా ప్రాణం దీని మీద ఆధారపడి ఉందండి. కారుకి ఇంతకన్నా మంచిది ఏం పొయ్యమంటారు?"

డీజిల్ జనరేటర్‌కి నిజంగానే అంతకన్నా మంచిది లేదు. ఒకే వేగంతో, ఒకే బరువుతో, గంటల తరబడి తిరిగే ఇంజన్ అది. దానికి చిక్కటి ఆయిల్ కావాలి. ఈ కారు ఇంజన్‌కి రక్తనాళాల్లాంటి సన్నటి దారులున్నాయి. ఫేజర్ డబ్బాలోకి ఆయిల్ ఆ దారుల్లోంచి పరుగెత్తాలి. చిక్కటిది పరుగెత్తదు, నడుస్తుంది. ఇరుసు అందుకే ఆలస్యంగా తిరుగుతోంది. పైగా డీజిల్ ఇంజన్ల కోసం అందులో కలిపే శుద్ధి మందులు కొన్ని, టర్బో పెట్రోలు ఇంజన్లో ఆ ఇనపడబ్బా దెబ్బకి దారితీస్తాయి. పుల్ల మీద చూస్తే ఇదేమీ తెలియదు. అప్పుడే ఆపిన ఇంజన్లో ఏ ఆయిల్ అయినా పలచగానే కనిపిస్తుంది. కోనసీమలో చెరువున్న ఇంట్లో తప్ప ఈ తప్పు ఇంకెక్కడా జరగదు. ఆవిడ నిర్లక్ష్యంగా పోసింది కాదు. తన దగ్గరున్నవాటిలో అన్నిటికన్నా నమ్మకమైనది తెచ్చి పోశారు.

ఇదంతా చెబితే ఆవిడ గరాటు తీసి క్యాను మీద బోర్లించారు. తరవాత, "పాపం దాని తప్పేం లేదు కదండి," అన్నారు. కారు గురించో, ఆయిల్ గురించో నాకు తెలియలేదు. అడగలేదు.

పోసిందంతా దింపేశాం. కంపెనీ చెప్పిన పలచటి ఆయిల్ రాజమండ్రి నుంచి తెప్పించి పోసి, కాసేపు నడిపి, అదీ దింపి మళ్ళీ కొత్తది పోశాను. చిక్కటిదాని శేషం లోపల మిగలకూడదు. ఆ తరవాత తీసిన లాగ్‌లో రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అప్పుడు రెండో ఫైలు పనికిరాదని చీఫ్ గారికి రాశాను. అది బద్ధకమున్న ఇంజన్‌ని అదిలించడానికి రాసింది. చురుగ్గా ఉన్నదానికి పెడితే ఓవర్‌లాప్ మితిమీరుతుంది. మూడో ఫైలు అడిగాను. కింది వేగంలో ఫ్యాక్టరీ ఇచ్చినదాని మీద కొద్దిపాటి బూస్ట్, వాల్వుల సమయం కొద్దిగా ముందుకి, పైన ఏమీ ముట్టుకోవద్దు. కాగితం మీద ఇది పిసినారి పని అన్నారు ఆయన. పంపారు మాత్రం.

శ్రావణం మొదటి వారంలో వీర్రాజు గారు వచ్చారు. మోకాళ్ళు నొప్పులున్న పెద్దమనిషి, భుజం మీద తువ్వాలు. ముందు సీట్లో ఆయన, వెనక పెట్టెల మధ్య ల్యాప్‌టాప్‌తో నేను. ఆయన ఎక్కగానే తలుపు పైనున్న పిడి రెండు చేతులా పట్టుకున్నారు.

"మెల్లగా పోనీ అమ్మా. ధాన్యం బస్తా తీసుకెళ్తున్నాననుకో."

"ధాన్యం బస్తా సలహాలు చెప్పదు అన్నయ్యా," అన్నారు సత్యవేణి గారు.

మామిడికుదురు నుంచి రాజోలు వైపు తిరిగాం. కాసేపటికి ముందు కొబ్బరి లారీ. ఆవిడ దానితో ఏమీ మాట్లాడలేదు. అన్నగారు పక్కన ఉన్నందుకో, మాట్లాడవలసిన అవసరం లేకో. నా తెర మీద నేను పెడల్ గీత చూస్తున్నాను. పాత లాగుల్లో ఒక సంగతి ఉండేది. ఆవిడ ఎప్పుడూ వంపు ఇంకా పూర్తికాకముందే, ఎదుటి దారి కనపడకముందే నొక్కేసేవారు. కారు ఆలోచించుకుంటుందని తెలుసు కాబట్టి, ఆ ఆలోచనకి పట్టే సమయం కలుపుకుని ముందే మొదలుపెట్టేవారు. బస్సు అలాగే ఎదురుపడింది. ఈసారి కాలవ వంపు వచ్చింది. పెడల్ గీత కదల్లేదు. వంపు అయింది. గీత కదల్లేదు. వెనకాల ఎవడో హారన్ కొట్టాడు. ఆవిడ అద్దంలో వాడిని చూసి ఊరుకున్నారు. దారి తిన్నగా తెరుచుకుని, కనుచూపుమేర ఎవరూ లేరని రూఢి అయ్యాక ఇండికేటర్ వేసి, పక్కకి తీసి, నొక్కారు.

కారు వెళ్ళిపోయింది. లారీ పక్కన ఎంతసేపు ఉన్నామో చెప్పాలంటే, వీర్రాజు గారు దాని డ్రైవర్ ముఖం చూద్దామని తల తిప్పేసరికి అక్కడ అరటితోట ఉంది. ఇందులో నేను బూస్ట్ ఏమీ పెట్టలేదు.

రాజోలు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాం. తిరుగుదారిలో ఆయన పిడి ఒక చేత్తోనే పట్టుకున్నారు. చెరువుగట్టు మీద దిగాక తువ్వాలుతో ముఖం తుడుచుకుని, చెల్లెలితో అన్నారు.

"కారు ఎంత జోరుగా పోద్దో చూడ్డానికి నేను రాలేదమ్మా. వంపు దగ్గర ఆగుతావో ఆగవో చూద్దామని వచ్చేను. ఆగేవు. చాలు."

"మరి కారో?"

"ఉంచుకో. కాగితాలు నీ పేర మార్పించేస్తాను. ఆ గది ఏసీ ఏం చెయ్యాలో అదే తోచట్లేదు."

"బియ్యం బస్తాలకి వెయ్యి అన్నయ్యా, పురుగు పట్టదు."

ఆయన నన్ను పక్కకి పిలిచి, తమరు ఏం చేసేరండి దీనికి అని అడిగారు. ఆయిల్ మార్చి, కొన్ని పట్టికలు కొద్దిగా సవరించానన్నాను. అంతేనాండి అన్నారు, కాస్త నిరాశగా. దొరబాబు కొట్టు దగ్గర కూడా నిజమే చెప్పి చూశాను. వాళ్ళూ అంతేనాండి అన్నారు. అప్పుడు, లారీ వెనకబడి వెనకబడి కాయలు ఎక్కించుకున్న తోటలోకే తిరిగి చేరిందనీ, రైతు వచ్చి కాయలు దింపించేసుకున్నాడనీ చెప్పాను. దాన్ని నమ్మారు.

పని ముగిశాక నెల రోజులకి కారు యజమానికి ఫోన్ చేసి ఇబ్బందులేమైనా ఉన్నాయా అని కనుక్కోవడం మా పద్ధతి. సత్యవేణి గారు ఎత్తారు. వెనకాల గాలిచక్రాల చప్పుడు. చెప్పిన మాట బాగా వింటోందండి, ఇంకేం అవసరం పడదండి అన్నారు. అవసరమైతే పిలవమన్నాను. అలాగేనండి అన్నారు. నేను ఇంకేదో అడుగుదామనుకున్నాను. ఇంజన్ గురించి అడగడానికి ఏమీ మిగల్లేదు. ఆ ఫైలు మూసేశాను.

ఆ తరవాత అమలాపురంలో మూడేళ్ళు పనిచేసి, యాభై రెండో ఏట స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. ఈ కారు నాకు మూడు సంగతులు నేర్పింది. మొదటిది నా పద్ధతిలో వచ్చిన మార్పు. బలం ఎందుకండీ అన్న ప్రశ్న తరవాత, మీ ఇంట్లో ఇంకా ఏమేం ఇంజన్లున్నాయండీ అని అడగడం మొదలుపెట్టాను. వరికోత యంత్రం, పడవ మోటారు, జనరేటర్, ఏది ఉంటే దాని ఆయిలే కారులోకి చేరే అవకాశం ఉంది. రెండోది, దాటడానికి బలం అడిగేవారికి మేము నిజానికి ఇచ్చేది ఆగే వీలు. నొక్కగానే కదులుతుందని నమ్మకం ఉన్నవారే దారి కనపడేదాకా ఆగగలరు. మూడోది నా ఉద్యోగం స్వభావానికి సంబంధించినది. పని సరిగ్గా కుదిరిన మనిషి మళ్ళీ రారు. రాజోలు కారు రాలేదు, సత్యవేణి గారి కారూ రాలేదు. నేను వచ్చేసే రోజుకి షెడ్డు ముందు గడ్డి మోకాలెత్తు పెరిగింది. చీఫ్ గారు దాన్ని వ్యాపారం లేకపోవడం కింద రాసుకున్నారు. నేను అలా రాసుకోలేదు.